కట్ చెప్పాక

భిలాయి, పవర్ హౌస్ మార్కెట్
గిరాకీ లేని మధ్యాహ్నం

బావా,

నీ ఉద్యోగంతో పాటు నీ చెవులు కూడా రిటైరైన దగ్గర్నుంచి నీతో ఫోన్లో మాట్లాడటం దండగైపోయింది. నేను "ఏటి బావా, ఎలాగున్నావు" అంటే నువ్వు "తిన్నాను, తిన్నాను" అంటావు. ఫోన్లో తెలుగు అచ్చుకొట్టడం నీకూ రాదు, నాకూ రాదు. అందుకని కాగితం పట్టాను. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినా దాటలేనివాణ్ణి, తప్పులుంటే నువ్వే సర్దుకో.

కొత్త డబ్బా ఒకటి కొన్నాను. మానిటర్ రికార్డర్ అంటారు. నా కెమెరా ఫోటోలు తీయడానికి పుట్టింది. దాంతో వీడియో తీయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ రోతే. అరగంట కాగానే తనంతట తనే ఆగిపోతుంది. ఎండాకాలమైతే ఆ అరగంట కూడా ఉండదు, అట్లపెనంలా కాలిపోయి, థర్మామీటరు బొమ్మ చూపించి కళ్ళు మూసేస్తుంది. తాళి కట్టే వేళకి పెళ్ళికూతురి తండ్రి నావైపు, నేను కెమెరా వైపు చూసుకోవడం ఎన్నిసార్లని. ఈ డబ్బా వచ్చి దాని నెత్తిన కూర్చుంది. కెమెరా చూసిందంతా వైరు గుండా ఇందులోకి వచ్చి, దీని కడుపులో ఉన్న డిస్కులో పడుతుంది. కెమెరా ఇక కన్ను మాత్రమే. అది రికార్డు ఆపినా ఇది ఆపదు.

మొదటిరోజే అసహ్యం చేసింది. కెమెరా మెనూలో ఏదో సెట్టింగ్ మూసెయ్యాలట. మూయకపోతే దాని తెర మీద కనిపించే గీతలూ బొమ్మలూ కూడా వీడియోలో పడిపోతాయట. నాకెవరు చెప్పారు. వరలక్ష్మమ్మగారు ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో నీళ్ళ కోసం పడిన పాట్లు చెప్తూ ఏడుస్తుంటే, ఆవిడ ముక్కు మీద పచ్చ గడి, నుదుటి మీద బ్యాటరీ బొమ్మ. భాగ్యరేఖ కంప్యూటర్ దగ్గర కూర్చుని "పప్పా, ఈవిడకి చార్జింగ్ అయిపోతోంది" అంది. పిల్లకి నా నోరే వచ్చింది.

అన్నట్టు, మన తెలుగు సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. పాతవాళ్ళందరి చేత జ్ఞాపకాలు చెప్పించి సినిమా చేయమని అధ్యక్షుడు గణపతిరావు నాకు పురమాయించాడు. ఊరికే చేస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు. ఆయన కొడుకు ఉదయ్‌కుమార్‌నే చేసుకుంటానని భాగ్య కూర్చుంది. సంఘం నాటకాల్లో ఇద్దరూ వేషాలేశారు, అక్కడే మనసులు కలిశాయట. నేను అడగడానికి వెళ్తే ఆయన నా భుజం తట్టి "జూబిలీ అయిపోనీ చిట్టిబాబూ, మంచి మాటే చెప్తాను" అన్నాడు. పెద్ద ఆఫీసరుగా చేసిన మనిషి, మనం ఫోటోల దుకాణం. ఆయన అవునంటే పిల్ల బతుకు పండుతుంది. అందుకని అందరి ముఖాల ముందూ నవ్వుతూ నిలబడుతున్నాను. దవడలు నొప్పి.

ఆ నొప్పికి మందు కూడా నేనే కనిపెట్టుకున్నాను. ముసలాళ్ళు మాట్లాడటం అయిపోగానే "కట్" అని గట్టిగా అంటాను. చొక్కాకి పెట్టిన మైకు తీసేస్తాను. కెమెరా మీట నొక్కుతాను, ఎర్రదీపం ఆరిపోతుంది. అందరూ ఊపిరి వదులుతారు. నేను టీ పేరు చెప్పి బయటికి పోతాను. డబ్బా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాని మీట వేరు కదా, ఆ సంగతి ఎవరికి తెలుసు. ఇక చూడు బావా, మనుషులు ఎలా మారిపోతారో. "సంఘమే నా ప్రాణం" అని కళ్ళు తుడుచుకున్న కోశాధికారి సత్యారావు, కట్ అన్న మరుక్షణం సంఘం బ్యాడ్జీ పిన్నుతో చెవి తవ్వుకుని, ఆ చేత్తోనే పళ్ళెంలో లడ్డూ తీసుకున్నాడు. నాకు రెండు రోజులు లడ్డూ అంటే వికారం.

మాటలు మాత్రం పడవు. ఆ డబ్బాకి ఒక ఫ్యాన్ ఉంది, గుయ్యిమని మోగుతుంది. దాని మోత పడకుండా కెమెరా మైకు మూసేశాను. బొమ్మ ఉంది, మాట లేదు. అక్కడే నువ్వు కావాలి. స్టీల్ ప్లాంటు మిల్లు చప్పుడులో మాట వినపడక ఒకరి నోరు చూసి ఒకరు పని చేసుకునేవారు కదా మీరు. చెవులు పోయినా ఆ విద్య ఎక్కడికి పోతుంది. ముక్కలు అహల్యక్క ఫోనుకి పంపించాను. చదివి రాయి.

చిట్టిబాబు


చీపురుపల్లి

చిట్టిబాబుకి,

నీ ఉత్తరం మీ అక్క చేతికే ముందు చిక్కింది. చదివి "వీడికి బుద్ధి రాదు" అంది. అది మాత్రం నాకు వినపడింది.

నీ ముక్కలు చూశాను. నోరు చదవడమంటే పేపరు చదివినట్టు కాదు. మీసం గుబురుగా ఉంటే సగం పోతుంది. పాన్ నమిలేవాడైతే మొత్తం పోతుంది. మిగతాది ముఖం చూసి, చేతులు చూసి, ఆ మనిషి ఎలాంటివాడో తెలిసి పూరించుకోవాలి. సత్యారావు నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు గనక కష్టం కాలేదు. లడ్డూ నోట్లో పెట్టుకునే ముందు పక్కాయనతో అన్నది ఇది: "ఈసారైనా శాలువా మంచిది కొన్నారా? కిందటిసారి నాకు కప్పింది దోమతెరకి కూడా పనికిరాలేదు." పక్కాయన జవాబు: "కొన్నది మీరే కదండీ."

వరలక్ష్మమ్మగారి ముక్క రెండుసార్లు చూశాను. కట్ అన్నాక ఆవిడ "ఇంక లేవొచ్చా బాబూ" అని అడిగింది. నువ్వు అప్పటికే బయటికి పోయావు. ఎవరూ చెప్పలేదని ఆవిడ అలాగే కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఇంకోసారి ముసలివాళ్ళని అలా వదిలిపోకు.

ఇది ఆటగా బాగానే ఉంది. అయితే ఒకటి. మిల్లులో మేం నోరు చదువుతామని ఎదుటివాడికి తెలుసు, తెలిసే నోరు విప్పేవాడు. ఇక్కడ వాళ్ళకి తెలీదు. ఎక్కడ ఆపాలో చూసుకో. భాగ్య సంగతి త్వరగా తేలాలని మీ అక్క సింహాచలం మొక్కుకుంది.

సింహాద్రి


భిలాయి

బావా,

నువ్వు రాసిన శాలువా మాట సత్యారావుకి చెప్పాలని నాలుక దురద పెడుతోంది. పిల్ల పెళ్ళి కోసం నాలుకని కొరుక్కుని కూర్చున్నాను. వరలక్ష్మమ్మగారింటికి వెళ్ళి మళ్ళీ తీశాను, ఈసారి పచ్చ గడి లేకుండా. లేవమని చెప్పేదాకా అక్కడే ఉన్నాను. సరేనా.

నిన్న గణపతిరావు ఇంట్లో తీశాను. బావా, ఆయన వేషం నువ్వు చూడాలి. జుట్టుకి రంగు వేసుకొచ్చాడు, అది నుదుటి మీదికి కారుతోంది. తుడవమని చెప్తే "అది నీడయ్యా, నీ లైటు సరిగా లేదు" అన్నాడు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకి గుడి తనే కట్టించాడట, బడి తనే పెట్టించాడట. ఇంకాసేపు ఆగితే ఇనుము కూడా తనే కనిపెట్టాడనేవాడు. మాట తడబడిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి. పాత కెమెరా ఒక్కటే అయ్యుంటే ఎప్పుడో కాలిపోయి నన్ను కాపాడేది. ఈ డబ్బా దున్నపోతులా మొత్తం మింగింది.

కట్ చెప్పాను, మైకు తీశాను, టీ అడిగి వంటింట్లోకి వెళ్ళాను. వాళ్ళ పనమ్మాయి టీ స్టీలు గ్లాసులో ఇచ్చింది. మిగతావాళ్ళకి పింగాణీ కప్పులు. పోనీలే, స్టీలు ఊళ్ళో స్టీలు గ్లాసు అనుకున్నాను. హాల్లో ఆయన, భార్య రోహిణిగారు, ఉదయ్ ముగ్గురే ఉన్నారు. ఆ ముక్క పంపుతున్నాను. ఆయన చెయ్యి ఒకసారి నా స్టాండు వైపు చూపిస్తుంది, అంటే నా ప్రసక్తి వచ్చిందన్నమాట. పిల్ల విషయంలో ఏమనుకున్నారో చూసి చెప్పు. మిగతావి నవ్వుకోవడానికి పంపాను, ఇది అందుకు కాదు. భాగ్య ఈ వారంలో ఎన్నిసార్లు ఫోను తీసి చూసుకుంటోందో నువ్వు చూస్తే నీకు తెలిసేది.

చిట్టిబాబు


చీపురుపల్లి

చిట్టిబాబుకి,

ముక్క చూశాను. పెద్దగా ఏమీ లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు కారుతోందట, ప్లంబరు రావడం లేదట. రోహిణిగారు ఈ ఏడు ఆవకాయ ఉప్పెక్కువైందంది. ఆయన నీ స్టాండు వైపు చెయ్యి చూపించింది గోడ చెమ్మ చూపించడానికి. అంతే.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ అక్క మోకాళ్ళు పరవాలేదు. నువ్వు వేళకి తిను. ఇంక ఇలాంటి ముక్కలు పంపకు, ఫోనులో చోటు చాలడం లేదని మీ అక్క అంటోంది.

సింహాద్రి


భిలాయి

బావా,

నీకు అబద్ధం చెప్పడం రాదు. నా పెళ్ళిచూపులప్పుడు "మావాడు సిగరెట్టు ముట్టడు" అని నువ్వు చెప్తుంటేనే మా మావగారు నా జేబు వాసన చూశాడు.

ఆ ముక్క నేను కూడా చూశాను. నోరు చదవడం నాకు రాదు, కళ్ళు మాత్రం ఉన్నాయి. రోహిణిగారు మాట మధ్యలో వంటింటి గుమ్మం వైపు చూసి, మొగుడికి పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. వంటింట్లో ఉన్నది నేను. ఆవకాయలో ఉప్పు సంగతి నాకు వినపడితే ఆవిడకేం పోయింది?

అదీగాక ఆ ముక్క భాగ్య కూడా చూసింది. సినిమా కూర్చేది అదే కదా, డిస్కు దాని దగ్గరే ఉంటుంది. చూసి నన్నేమీ అడగలేదు. అడగకపోవడం దాని అలవాటు కాదు. అన్నం దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది.

బావా, నన్ను నవ్వించడానికి రాసే మాటలు వేరే ఉత్తరంలో రాయి. ఇందులో ఉన్నది ఉన్నట్టు రాయి.

చిట్టిబాబు


చీపురుపల్లి

చిట్టిబాబుకి,

దాచాను, నిజమే. నేను రాస్తే ఆ మాట నా నోటి నుంచి వచ్చినట్టవుతుందని చేతులు రాలేదు. మీ అక్క రాయమంది. "మనవాడు అక్కడ వాళ్ళ ముందు పళ్ళికిలిస్తుంటే నువ్వు ఇక్కడ ఆవకాయ రాస్తావేటి" అని కాగితం నా ముందు పెట్టింది.

గణపతిరావు అన్నది: "ఫోటోలవాడికి ఆశ పెట్టాం గనక పని నడుస్తోంది. సినిమా చేతికొచ్చేదాకా అవుననీ వద్దు, కాదనీ వద్దు. తర్వాత జాతకాలు కలవలేదని చెప్దాం. దేవుడి మీద పెట్టేస్తే ఎవరికీ కష్టం ఉండదు."

రోహిణిగారు అన్నది: "ఆ పిల్ల సంగతి సరే. ఇచ్చిపుచ్చుకున్నాక వీడు రోజూ వచ్చి మన సోఫాలో కూర్చుంటాడు, అది తలుచుకోండి." అప్పుడే గుమ్మం వైపు చూసి వేలు పెట్టింది.

ఆయనకి మీసం లేదు, మొహం నిండా వెలుతురుంది, నీ కొత్త డబ్బాలో పళ్ళ సందులు కూడా కనిపిస్తున్నాయి. ఎక్కడా పూరించుకోవలసిన అవసరం రాలేదు. పొరబాటైతే బాగుండునని నాలుగైదు సార్లు చూశాను.

నీ బుర్రలో ఇప్పుడేం తిరుగుతోందో నాకు తెలుసు. వద్దు. నలుగురికీ చూపిస్తే నలిగేది పిల్ల పేరే.

సింహాద్రి


భిలాయి

బావా,

నీ ఉత్తరం చదివి మొహం కడుక్కున్నాను. చల్లారలేదు. స్నానం చేశాను. చల్లారలేదు. వాళ్ళ ఇంట్లో తాగిన టీ ఇప్పుడు గొంతులోకి వస్తోంది. తిట్టినా ఇంత అసహ్యం వేసేది కాదు. నా భుజం మీద చెయ్యి వేశాడే, "మంచి మాటే చెప్తాను" అని, ఆ భుజం కోసి పారేయాలనిపిస్తోంది.

నా పథకం చెప్తాను. జూబిలీ రోజు హాల్లో పెద్ద తెర. ఆయన శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంటాడు. ఆయన స్పీచ్ అయిపోగానే ఈ ముక్క వేస్తాను, కింద నువ్వు రాసిన మాటలు తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. పక్కనే ఉన్న చరోదా నుంచి రైల్వేలో చేసే మనవాళ్ళు కూడా వస్తారు, వాళ్ళెవరూ మిస్ కాకూడదు. నా జీవితంలో చేసిన కొంటెపనులన్నీ దీని ముందు పిల్లాటలు.

భాగ్యకి చెప్పాను. అది డిస్కు తీసి తన బ్యాగులో పెట్టుకుని తాళం వేసింది. "పప్పా, వాళ్ళు చాటుగా అన్నారు, మీరు చాటుగా తీశారు. ఇద్దరిలో ఎవరు గొప్ప?" అంది. నాకు తిక్క రేగి "నీకోసమే కదే" అన్నాను. "నాకోసమైతే నాకు కావలసింది అడగండి. ఉదయ్ ఏమన్నాడు?" అంది.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. తండ్రి మాట ఉంది, తల్లి మాట ఉంది, ఆ అబ్బాయి మాట లేదు. అదీ దాచావా? పిల్ల నేనేం చెప్పినా నమ్మేలా లేదు. నీకే రాస్తానంటోంది. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. నోరు తెరవని మనిషిని ఎలా చదవాలో నువ్వే చెప్పాలి.

చిట్టిబాబు


భిలాయి

మావయ్యకి,

నమస్తే. నా తెలుగు చదవడం కష్టమైతే క్షమించండి. స్కూల్లో హిందీయే చదివాను, సంఘం వాళ్ళ ఆదివారం క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను.

నాన్న చాలా గుస్సాలో ఉన్నారు. నేను గుస్సాలో లేను. ఉదయ్ వాళ్ళ నాన్న ఎలాంటి మనిషో నాకు ముందే కొంచెం తెలుసు. ఆయన్ని నేను పెళ్ళి చేసుకోవడం లేదు కదా.

నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను. ఉదయ్ సోఫా చివర ఉన్నాడు, సగం మొహమే కనిపిస్తుంది. పెదవులు కదిలినట్టు నాకు అనిపిస్తుంది, ఇంకోసారి కాదనిపిస్తుంది. ఆశ ఉన్న కంటికి అన్నీ కదులుతాయేమో. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. అతను ఏమన్నాడు? మంచిదైనా చెడ్డదైనా నాకు మాత్రం రాయండి. నాన్నని నవ్వించడానికో నన్ను ఏడిపించకుండా ఉండడానికో మార్చి రాయకండి. అత్తని అడిగినట్టు చెప్పండి.

భాగ్యరేఖ


చీపురుపల్లి

అమ్మా భాగ్యా,

నీ తెలుగు బాగానే ఉంది. మీ నాన్న తెలుగు కంటే నయం.

నేను దాచింది ఏమీ లేదు. రాయడానికి లేక రాయలేదు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు.

నువ్వు అడిగావు గనక మళ్ళీ చూశాను, మీ అత్త చేత ఫోను పెద్దది చేయించుకుని చూశాను. తండ్రి జాతకాల మాట ఎత్తినప్పుడు అతను బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తల్లి సోఫా మాట అన్నప్పుడు తాగుతున్నాడు. నీకు పెదవులు కదిలినట్టు అనిపించింది అదే. నీళ్ళు అయిపోయాక కూడా గ్లాసు నోటి దగ్గరే ఉంచుకున్నాడు. వాళ్ళు లేచి వెళ్ళాకే కింద పెట్టాడు. గ్లాసు వెనక ఏమైనా అన్నాడేమో అనుకుంటావేమో. నీళ్ళు అయిపోయాక అతని గొంతు చూశాను. మాట్లాడే మనిషి గొంతు కదులుతుంది. కదల్లేదు.

ఇంకొక మాట కూడా రాయాలి, లేకపోతే అతనికి అన్యాయం. ఆ డబ్బా చూసింది ఆ కాసేపే. తర్వాత లోపలికి వెళ్ళి తండ్రితో పోట్లాడాడేమో నాకు తెలీదు. కొంతమంది పిల్లలు అప్పుడు మింగి తర్వాత మాట్లాడతారు. అది వీడియోలో ఉండదు. అతన్నే అడగాలి. ఎదురుగా కూర్చుని అడుగు.

మావయ్య


భిలాయి

బావా,

అంతా అయిపోయింది. వరసగా రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు భాగ్య ఉదయ్‌ని రాయపూర్ దారిలో ఉన్న కుమ్హారిలో కలిసింది. వాడు రాయపూర్ ఆఫీసు నుంచి వచ్చాడు, ఇది ఇక్కణ్ణుంచి బస్సులో వెళ్ళింది. వీడియో ఊసెత్తలేదట. "మన గురించి ఇంట్లో ఏమంటున్నారు?" అని మాత్రం అడిగింది. "పప్పా దాదాపు ఒప్పుకున్నట్టే. నేను గట్టిగా చెప్పాను" అన్నాడట. "ఎప్పుడు చెప్పావు?" అంటే "మీ నాన్న షూటింగ్‌కి వచ్చిన రోజే, కట్ చెప్పిన వెంటనే" అన్నాడట. పిల్ల ఇంకేమీ అడగలేదు. ఈ పెళ్ళి నాకు వద్దని వాడి మొహం మీదే చెప్పి, ఎందుకో చెప్పకుండా లేచి బస్సెక్కేసింది. ఇంటికొచ్చి నాతో మాట్లాడింది. "పప్పా, వాడు భయపడి మాట్లాడలేదంటే నేను ఆగేదాన్ని. మాట్లాడానన్నాడు" అంది. దాని పక్కన కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే.

తెర మీద వేసే పథకం వదిలేశాను. నీ మాట విని కాదు. పిల్ల ఆ ముక్కని డిస్కులోంచీ నా ఫోనులోంచీ చెరిపేసి, అహల్యక్క చేత కూడా చెరిపించింది.

ఇవాళ పొద్దున్న గణపతిరావు దుకాణానికి వచ్చాడు, సినిమా ఎంతవరకు వచ్చిందో చూస్తానని. భాగ్య కంప్యూటర్ దగ్గర ఉంది, వెనక్కి తిరగకుండా "నమస్తే అంకుల్" అంది. సినిమా మొత్తం వేసింది. ఆయన తన స్పీచ్ రెండుసార్లు చూసుకుని, కళ్ళజోడు తీసి, తుడిచి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజమే.

"చిట్టిబాబూ, మనం అనుకున్న విషయం. నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. కానీ జాతకాలు కలవలేదయ్యా. పెద్ద పంతులుగారికే చూపించాం. దేవుడు రాయలేదు, మనం ఏం చేస్తాం" అన్నాడు.

బావా, నువ్వు రాసిన మాటలు ఆయన నోట్లోంచి సౌండుతో సహా వస్తుంటే విన్నాను. పైగా కొడుకు కుమ్హారి సంగతి ఇంట్లో చెప్పనేలేదని అర్థమైంది. వద్దనిపించుకున్న మాట కూడా వాడు మింగేశాడు. ఆయన పాపం తను కొత్తగా కాదంటున్నానని అనుకుంటున్నాడు. నాకు నోటి దాకా బూతు వచ్చింది. అది బయటపడే లోపు భాగ్య కుర్చీ తిప్పింది.

"అంకుల్, ఎవరి జాతకం చూపించారు?"

"నీదేనమ్మా. నీదీ, మావాడిదీ."

"నాకు జాతకం లేదు. నేను పుట్టినప్పుడు వేళ ఎవరూ చూడలేదట. ఏ పూజకి వెళ్ళినా నా నక్షత్రం చెప్పలేక నానమ్మ ఏడ్చేది. మీకు ఎవరిచ్చారు?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. నా వైపు చూశాడు, నేను కెమెరా లెన్సు తుడుచుకుంటున్నాను. వీధిలో ఆటోవాడు "దుర్గ్, దుర్గ్" అని పక్కూరికి సవారీలని పిలుస్తున్నాడు. దుకాణంలో డబ్బా ఫ్యాన్ ఒక్కటే మోగుతోంది. రికార్డు కావడం లేదు, ఒట్టు.

పిల్ల ఇంకొక్క మాట అడుగుతుందేమో అనుకున్నాను. అది మళ్ళీ తెర వైపు తిరిగి, ఆయన స్పీచ్‌ని కొంచెం వెనక్కి జరిపి ఆపింది.

"అంకుల్, గుడి కట్టించానని చెప్పే చోట మీకు దగ్గు వచ్చింది. ఉంచాలా, తీసెయ్యాలా?"

"తీసెయ్యమ్మా" అన్నాడు, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ.

తీసేసింది.

చిట్టిబాబు